గ్రీన్‌లాండ్ నీలం, గోవింద్‌పూర్ సాక్ష్యం

ఆ శనివారం మధ్యాహ్నం జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఒక కాలేజీ హాల్లో, తప్పని తెలిసిన పటాన్ని నేను తెర మీద చూపించాను. అంతటితో ఊరుకున్నా కొంత నయం. ఆ తప్పును పట్టుకున్న అమ్మాయి రెండో వరసలో కూర్చుని ఉండగానే, పొరబడింది ఆమేనని అర్థం వచ్చేలా ఒక మాట కూడా అన్నాను. జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చావు కదా, రాయమని మిత్రులు అడిగితే ఆ ఊరి రోడ్ల గురించీ, తిండి గురించీ, అక్కడి తెలుగువాళ్ళ గురించీ రాద్దామనుకున్నాను. అవీ రాస్తాను. కానీ కలం పట్టుకుంటే ముందు ఆ హాలే కళ్ళముందుకొస్తోంది.

రైల్లో

నా ఎదుటి సీట్లో పర్లాకిమిడి వైపు నుంచి టాటానగర్ వెళ్తున్న ఒకావిడ కూర్చుంది. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. అరటాకులో కట్టిన పులిహోర విప్పి, నా ముందు ఒక ముద్ద పెట్టి, తర్వాత నా గురించి వాకబు మొదలుపెట్టింది.

"ఏటి సేత్తారు బాబూ మీరు?"

"మంచు కొలుస్తానమ్మా."

"మంచా? ఏ ఊర్ది?"

"గ్రీన్‌లాండ్ అని, చాలా దూరం. ఉత్తరాన ఉంటుంది."

"అంత దూరం ఎల్లి కొలిసి వత్తారా?"

వెళ్ళనని చెప్పాను. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చునే కొలుస్తానని చెప్పాను. పైన ఉపగ్రహం ఉంటుంది. అది కిందికి ఒక రేడియో తరంగం పంపుతుంది. ఆ తరంగం మంచుకి తగిలి వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్క కడితే, ఉపగ్రహానికీ మంచుకీ మధ్య దూరం తెలుస్తుంది. ఉపగ్రహం ఎంత ఎత్తున ఉందో మాకు ముందే తెలుసు. అందులోంచి ఈ దూరం తీసేస్తే మంచు ఎత్తు. నెలలూ ఏళ్ళూ అదే చోట మళ్ళీ మళ్ళీ కొలిస్తే, మంచు తగ్గుతోందో పెరుగుతోందో అంగుళాల్లో చెప్పొచ్చు.

ఆవిడ శ్రద్ధగా వింది. విని, పక్కనున్న భర్త వైపు తిరిగి, "ఇన్నావా? ఈ బాబు పనే నయం. తప్పు కొలిసినా అక్కడ అడిగీవోడు ఉండడు," అంది. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే పులిహోర గొంతులోనే ఉన్నట్టుంటుంది.

ఎందుకంటే నేను జంషెడ్‌పూర్ వెళ్తున్నదే అడిగిన మనిషి పిలిస్తే. ఆమె పేరు కరుణ. నా దగ్గర పరిశోధన చేసిన విద్యార్థిని. గ్రీన్‌లాండ్ నడిబొడ్డున ఒక పెద్ద భాగం ఒక వేసవి తర్వాత ఉన్నట్టుండి పెరిగినట్టు నా లెక్కల్లో వచ్చింది. పెరిగితే నీలం, తగ్గితే ఎరుపు, అదీ మా పటాల పద్ధతి. చుట్టూ ఎరుపు, మధ్యలో ఆ నీలం. దాని మీద నేను వ్యాసం అచ్చు వేయించాను. పేరొచ్చింది. తర్వాత కరుణ అదే చోట లేజరుతో కొలిచే ఇంకో ఉపగ్రహం లెక్కలు తీసి పక్కన పెట్టింది. అందులో పెరుగుదల లేదు. పైగా కాస్త తగ్గింది.

కారణం కూడా ఆమే చెప్పింది. పొడిమంచు మీద మా రేడియో తరంగం పైపైన ఆగదు, కొంత లోపలికి దిగి అక్కణ్ణుంచి తిరిగొస్తుంది. ఆ వేసవిలో ఎండకి పైమంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గట్టి పొరలా తయారైంది. అప్పట్నుంచీ తరంగం లోపలికి దిగకుండా పొర మీంచే తిరిగొస్తోంది. దారి తగ్గింది కాబట్టి మంచు పెరిగినట్టు కనబడింది. అంటే కరగడం వల్ల వచ్చిన గుర్తునే నేను పెరుగుదల అని రాశాను. మా వృత్తిలో ఇది తెలియని పొరపాటేమీ కాదు. చూసుకోవాల్సింది, చూసుకోలేదు.

"కాస్త ఆగు," అన్నాను కరుణతో. ఆగమని ఏడాది పొడుగునా అన్నాను. ఆమె సెలవు పెట్టి జంషెడ్‌పూర్‌లో ఇంటికెళ్ళిపోయి, ఆ ఊరి కాలేజీలో లెక్చరర్ పనికి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూలో ఈ సంగతే చెప్పిందట. వాళ్ళకి నమ్మకం చాలక, మీ గైడునే పిలిపించండి, ఉపన్యాసం విందాం అన్నారట. ఫోన్లో నన్ను అడిగింది ఒక్కటే: "రెండు పటాలూ చూపించండి సార్." చూపిస్తానని మాటిచ్చాను.

టాటానగర్

జంషెడ్‌పూర్ స్టేషన్ పేరు ఇదే. దాని బయట మట్టికప్పులో టీ తాగాను. మనవైపు ఇరానీ హోటల్లో కప్పు అడుగున మిగిలేంత చిన్నది, పదిరూపాయలు. పక్కబండి మీద లిట్టీ కాలుస్తున్నారు. గోధుమపిండి ఉండలో వేయించిన శనగల పిండీ వామూ కూరి బొగ్గుల మీద కాల్చి, నేతిలో ముంచి, వంకాయ పచ్చడితో పెడతారు. ఆ పచ్చడిలో పచ్చి ఆవనూనె పోస్తారని నాకు తెలీదు. మొదటి ముద్దకే ముక్కు దారిన మంట పోయింది. బండి ఆయన నా కళ్ళనీళ్ళు చూసి, "పెహలీ బార్?" అని మంచినీళ్ళిచ్చాడు. మొదటిసారే అని తలూపాను.

తర్వాత షేర్ ఆటో ఎక్కి, మాటల్లో పడి, బిష్టుపూర్లో దిగాల్సింది సాక్చీలో దిగాను. ఆటోలో ఒక తల్లి కొడుకుని తెలుగులో తిడుతోంది, కొడుకు హిందీలో జవాబు చెబుతున్నాడు. "ఏట్రా, ఇప్పుడేటి తింతావు?" అంటే "కుఛ్ నహీ" అంటాడు. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించడం లేదు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, ఉక్కు ప్లాంటులో మూడోది. నాకు ముచ్చటేసి వాళ్ళతో మాట కలిపాను. అందుకే దారి తప్పాను.

బిష్టుపూర్

హాలు నిండింది. భౌతికశాస్త్ర విభాగం పెద్ద మిశ్రాగారు నన్ను వేదిక మీదికి తీసుకెళ్ళారు. రెండో వరసలో కరుణ. ఆమె పక్కన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒక పెద్దాయన. నాన్నగారని చూడగానే తెలిసింది, అదే నుదురు. ఆయన వెనక ఇంకో ముగ్గురు తెలుగువాళ్ళు.

ముఖ్య అతిథి ఎవరో నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఆయన ఆ ఊరికి వేరే పని మీద వచ్చిన మా రంగం పెద్దమనిషి. నా ప్రాజెక్టు పొడిగించాలో ఆపాలో తేల్చే కమిటీలో ఉన్నాడు. నన్ను పరిచయం చేస్తూ ఆ నీలాన్నే పొగిడాడు. "అందరూ తగ్గుతోందన్న చోట పెరుగుదలని పట్టుకున్న కన్ను ఇది," అన్నాడు. చప్పట్లు.

నా లాప్‌టాప్‌లో రెండు పటాలూ ఉన్నాయి. మొదటిది చూపించాను. రెండోదాని మీదికి వేలు వెళ్ళింది. వెళ్ళి, దాన్ని దాటేసి తర్వాత బొమ్మకి పోయింది. అంత తేలిగ్గా జరిగింది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. రెండోది చూపిస్తే ఆ ముఖ్య అతిథి మొహం ఎలా మారుతుందో ఊహించుకున్నాను, అంతే.

చివర్లో మిశ్రాగారే లేచి అడిగారు. "కరుణగారు మాకు ఇందులో ఏదో పొరపాటు ఉందని చెప్పారు. దాని సంగతి?"

తప్పించుకునే వీలు లేదు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయమూ రాదు. నేను నవ్వాను. నవ్వి, "అది ఇంకా పరిశీలనలో ఉందండీ. కొత్తవాళ్ళకి ఒక్కోసారి ఉత్సాహం ఎక్కువవుతుంది," అన్నాను.

హాల్లో నలుగురు నవ్వారు. కరుణ నవ్వలేదు, తల దించుకోలేదు, నా వైపే చూసింది. నేనే కళ్ళు తిప్పుకున్నాను. ఆమె నాన్న మోకాళ్ళ మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

గోవింద్‌పూర్

ఆ సాయంత్రం గోవింద్‌పూర్‌లో కరుణ వాళ్ళింట్లో భోజనానికి ముందే ఒప్పుకుని ఉన్నాను. ఎగ్గొట్టాలనే అనుకున్నాను. తలనొప్పి అని ఫోన్ చేయబోతుంటే కరుణ నాన్నే లాడ్జి కింద స్కూటరుతో నిలబడి ఉన్నాడు. "రండి సారూ, అన్నం సల్లారిపోద్ది," అన్నాడు. దారిపొడుగునా ఇంకో మాట లేదు.

ఆయన పేరు ప్రకాశం. భీమిలి దగ్గర్నుంచి వాళ్ళ నాన్న వచ్చాడట. ఈయన లారీల ఫ్యాక్టరీలో పెయింట్ షాపులో పనిచేస్తున్నాడు. రెండు గదుల ఇల్లు. గోడ మీద శిలువ, దాని కింద కరుణ ఎమ్మెస్సీ పట్టా పుచ్చుకుంటున్న ఫొటో. కరుణ తల్లి రూతమ్మగారు చేపల పులుసు చేసింది. చింతపండు పులుపు అచ్చం మనదే, పోపు మాత్రం ఆవనూనెతో. ఈసారి కళ్ళు మండలేదు. ఎలా తిన్నానో నాకే తెలీదు.

"ఇంకో ముక్క ఏసుకోండి బాబూ," అంది రూతమ్మగారు.

"ఎయ్యకే. ఆరికి ఉత్సాహం ఎక్కువైపోద్ది," అన్నాడు ప్రకాశంగారు, కంచంలోంచి తల ఎత్తకుండా.

కరుణ గ్లాసుల్లో నీళ్ళు పోస్తోంది. "నాన్నా, వదిలెయ్," అంది.

"ఒగ్గీడానికేటుంది? ఒక్క మాటడిగి ఒగ్గీత్తాను." చెయ్యి కడుక్కొచ్చి నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సారూ, మా సర్చిలో సాక్ష్యం అని ఉంటాది. పాటలయ్యేక లేసి, దేవుడు మనకి సేసిన మేలు సంగం ముందర సెప్పాల. నాను పోయిన నెల లేసేను. మా పిల్ల అంత పెద్ద మంచులో తప్పు కనిపెట్టింది, దేవుడు దానికి అలాటి కన్నిచ్చేడని సెప్పేను. సంగమంతా స్తోత్రం అన్నారు. అందులో ముగ్గురు ఇయ్యాల హాలుకొచ్చేరు. మీరన్నది ఇన్నారు."

నేను కంచం పక్కకి జరిపాను.

"రేపు ఆదివారం. నా సాక్ష్యం అబద్దమైతే లేసి ఎనక్కి తీసుకోవాల. అబద్ద సాక్ష్యం మెడకి కట్టుకుని ప్రభువు బల్ల కాడికి రొట్టె తీసుకోడానికి ఎల్లకూడదు మాకు. అందుకని అడగతన్నాను. నాకు మీ లెక్కలు తెల్దు. మా పిల్ల తప్పు సెప్పిందా, మీరు తప్పు సెప్పేరా? రేపు నాను లేవాలా వద్దా?"

రూతమ్మగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో గొంతెత్తి ఎవరూ మాట్లాడలేదు. తిడితే బాగుండునని ఉంది నాకు.

"మీరు లేవొద్దండీ," అన్నాను. "ఆమె చెప్పింది నిజం. అబద్ధం ఆడింది నేను. రేపు నేను లేస్తాను."

ప్రకాశంగారు కూతురి వైపు చూశాడు. కరుణ గ్లాసు కింద పెట్టి, "పెరుగు తెస్తాను," అని లోపలికెళ్ళింది.

ఆదివారం ఆరాధన

నేను చర్చి మనిషిని కాను. గుడికైనా పండక్కే వెళ్తాను. బయట చెప్పులు విప్పి లోపలికెళ్తే చాపల మీద ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు. పాటలు అచ్చతెనుగులో ఉన్నాయి. వెనక పిల్లల సణుగుడు మాత్రం హిందీలో. పాటలయ్యాక పాస్టరుగారు సాక్ష్యాలకి సమయం అన్నారు. ఒకావిడ కొడుకు జ్వరం తగ్గిందని చెప్పింది. స్తోత్రం అన్నారంతా. ఒకాయన ప్రమోషన్ వచ్చిందన్నాడు. మళ్ళీ స్తోత్రం.

నేను లేచాను. మైకు అందుకున్నాను. మంచు, ఉపగ్రహం, గట్టిపొర, అన్నీ ఆ రైలావిడకి చెప్పినట్టే చెప్పాను. కరుణ చెప్పింది నిజమనీ, ఆమె తండ్రి ఇక్కడ పలికిన సాక్ష్యం నిజమనీ, నిన్న హాల్లో నేను తెలిసే అబద్ధమాడాననీ చెప్పాను. ఎందుకాడానో కూడా చెప్పాను, ప్రాజెక్టు పోతుందన్న భయంతో అని.

చెప్పి ఆగాను. తర్వాత ఎవరో అలవాటుగా "దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ అందుకున్నారు. జ్వరం తగ్గినందుకూ, ప్రమోషన్‌కీ, నా అబద్ధానికీ ఒకటే స్తోత్రం. వాళ్ళ తప్పేమీ లేదు. అక్కడ లేచినవాళ్ళకి అలా అనడం వాళ్ళ మర్యాద. ఆ మర్యాదకి నేను అర్హుణ్ణి కానని నాకే తెలుసు.

బయటికొచ్చాక ప్రకాశంగారు నా చెయ్యి పట్టుకున్నాడు. "నా మాట నిలబెట్టేరు, సాలు," అన్నాడు. నాలో ఏదో తేలికైంది. పని అయిపోయిందనే అనిపించింది. చెప్పుల దగ్గర కరుణ కలిసింది. ఏదో ఒక మంచి మాట అంటుందని ఎదురుచూశాను. దాచడమెందుకు, నిజంగానే ఎదురుచూశాను.

"ఇక్కడ చెప్పడం తేలిక సార్," అంది. "వీళ్ళెవరూ మీ ప్రాజెక్టు ఆపరు కదా."

"రేపు మిశ్రాగారికి కూడా చెప్తాను కరుణా."

"చెప్పండి. పటం మాత్రం ఇంకా నీలంగానే ఉంది." వాళ్ళమ్మని పిలిచి, స్కూటరు దగ్గరికి వెళ్ళిపోయింది.

మళ్ళీ బిష్టుపూర్

సోమవారం మిశ్రాగారి గది ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆయన నా మాటలన్నీ ఓపిగ్గా విన్నారు. రెండో పటం చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ హిందీలో ఆయనన్నది ఇది: "నిన్న కాక మొన్న ఇదే నేను అడిగాను కదా సాబ్. శనివారం సాయంత్రమే మా ఇంటర్వ్యూ కమిటీ కూర్చుంది. ఆ అమ్మాయి బాగా చదువుకుంది, కానీ గురువు మీదే అపవాదు వేసే మనిషి మనకెందుకన్నారు. వేరే వాళ్ళని తీసుకున్నాం."

మళ్ళీ కూర్చోవచ్చు కదా అన్నాను.

"మీరు మళ్ళీ ఉపన్యాసం ఇస్తే పిలుస్తాను," అన్నారాయన. "కమిటీని మళ్ళీ పిలవలేను."

టీ తెప్పించారు. తాగకపోతే బాగుండదని తాగాను. కిందికి దిగి, ఆ చెట్ల నీడల రోడ్డు మీద స్టేషన్ వైపు ఆటో పట్టుకున్నాను. ఊరు అందమైనదని అప్పుడే గమనించాను. శుభ్రమైన దారులు, రెండు వైపులా గుల్‌మొహర్లు, సైకిళ్ళ మీద షిఫ్టు దిగి వస్తున్న జనం. ఎవరిదో తెలుగు పాట ఆటో రేడియోలో హఠాత్తుగా వచ్చి, అంతలోనే హిందీ ప్రకటనల్లో కలిసిపోయింది. ఈ ఊళ్ళో ఒక అమ్మాయికి దొరకాల్సిన పనిని, ఒక్క వాక్యంతో, నవ్వుతూ పోగొట్టాను.

ఇంటికొచ్చాక

హైదరాబాదు చేరిన రోజే వ్యాసం అచ్చైన పత్రికకి సవరణ రాయడానికి కూర్చున్నాను. కరుణ పేరు ముందు పెట్టి, నా పేరు వెనక పెట్టాను. లేజరు లెక్కలతో పటం మళ్ళీ గీశాను. నడిబొడ్డున నీలం పోయి, చుట్టూ ఉన్న రంగే లేతగా అక్కడిదాకా పాకింది. చూడటానికి ముందటంత బాగా లేదు. ఆశ్చర్యపడాల్సిందేమీ అందులో కనిపించదు. కరిగేది కరుగుతోంది, అంతే.

ముఖ్య అతిథిగా వచ్చిన ఆ పెద్దమనిషికి కూడా ఒక ప్రతి పంపాను. బదులు రాలేదు. తర్వాత కొన్నాళ్ళకి ప్రాజెక్టు పొడిగింపు లేదని తెలిసింది. రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. ఉందనుకుంటే నేనేదో త్యాగం చేసినట్టు అనిపిస్తుంది. అందుకని అనుకోవడం మానేశాను.

సవరణ చిత్తుప్రతి కరుణకి పంపినప్పుడు, ఏమీ అనకుండా ఒక్క వాక్యం మాత్రం మార్చి వెనక్కి పంపింది. నేను రాసింది: "ఈ పొరపాటును మా బృందం అప్పట్లో గమనించలేదు." ఆమె దాన్ని కొట్టేసి ఇలా రాసింది: "ఈ పొరపాటును బృందంలో ఒకరు గమనించి చెప్పారు. ప్రధాన రచయిత వినలేదు."

చాలాసేపు చూశాను. ఒకటి రెండు మాటలు మెత్తబరచవచ్చుననిపించింది. వేలు మళ్ళీ అటే వెళ్ళబోయింది. చేతులు బల్ల కిందకి తీసుకుని, కాసేపు అలా కూర్చుని, ఆ వాక్యాన్ని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు పత్రికకి పంపించాను.